మొదటి ప్రతివాది హాజరు

ఆ దావాలో న్యాయం ఎవరి పక్షాన ఉన్నదో నేను చర్చించను. కోర్టువారు చివరకు ఏమి తీర్పు ఇచ్చారో, అది నాకు సమ్మతమో కాదో కూడా ఇక్కడ రాయను. లంక పేరు చెప్పను. గోదావరి వైనతేయ పాయలో అటువంటి లంకలు ఇంకా ఉన్నాయి. ఆ లంక పిల్లలు ఇప్పటికీ ఆ బడికే వెళుతున్నారు, వారిని భయపెట్టే ఉద్దేశం నాకు లేదు. నా ఆరోగ్యం గురించి కోర్టు ఆవరణలో చెప్పుకుంటున్న మాటలకు సమాధానం ఇవ్వను. ఇవి పోగా మిగిలినది ఒక్క సాయంత్రం. దానిని జరిగిన క్రమంలో చెబుతాను.

నేను అమలాపురంలో న్యాయవాదిని. వయసు మీద పడ్డాక వాదనలు తగ్గించుకుని, కోర్టువారు నియమించినప్పుడు కమిషనరుగా వెళ్ళి, తగాదాలో ఉన్న స్థలాన్ని కళ్ళారా చూసి, చూసినది చూసినట్టు నివేదిక రాసే పని మాత్రం ఉంచుకున్నాను. ఆ పనిలో ఊహకు చోటు లేదు. గోడ ఉంటే ఉందని రాయాలి. లేకపోతే లేదని రాయాలి.

ఈ దావాకు మూలం తెల్లదొరల కాలం నాటి వీలునామా. సీతయ్యమ్మ గారని, లంకలో కొబ్బరితోటలూ అవతలి గట్టున మాగాణీ ఉన్న వితంతువు ఒకావిడ ఉండేవారు. సంతానం లేదు. లంక పిల్లలు చదువు కోసం ఏరు దాటవలసిన అవసరం లేకుండా అక్కడే బడి కట్టించి, ఆస్తి యావత్తూ ఆ బడికి రాశారు. జీతం పుచ్చుకుని బడికి రాని పంతుళ్ళను ఆవిడ చూసి ఉండాలి. అందువల్ల ఒక షరతు పెట్టారు. బడి వేళలో, అంటే పొద్దున్న గంట కొట్టినది మొదలు సాయంత్రం బడిలో దీపం పెట్టే వరకు, పంతులు కుర్చీ ఖాళీగా కనబడరాదు. కనబడిన నాడు ఆస్తి ఆవిడ మరిది వారసులకు చెందుతుంది.

మంచి ఉద్దేశంతో పెట్టిన షరతే. అటువంటి షరతులే కోర్టులకు ఎక్కువ పని కల్పిస్తాయి.

మరిది వారసులు తరానికొకసారి ఆ కుర్చీ ఖాళీగా ఉందని అర్జీ పెడుతూ వచ్చారు. ఈ తరంలో పెట్టినవాడు వెంకటరాజు, రొయ్యల చెరువుల ఆసామి. లంక చేతికి వస్తే అక్కడ కూడా చెరువులు తవ్వాలని అతని ఆలోచన. బడి తరఫున నిలబడినది సత్యదుర్గ అనే ఆవిడ. బడికి పంతులును వేసేవారు లేకపోయాక, తానే జీతం లేకుండా రోజూ ఏరు దాటి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని పాఠం చెబుతున్నది. కుర్చీ ఖాళీగా ఉందని నేను రాస్తే ఆ బడి పోతుంది. విషయం అంతే.

తనిఖీ తేదీని వెంకటరాజు వకీలు పట్టుబట్టి వేయించుకున్నాడు. శ్రావణమాసం. గోదావరి పైన ఎక్కడో కురిసిన వానలకు ఎర్రబడి, పాయలన్నీ గట్ల అంచుదాకా వచ్చి ఉన్నాయి. రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు ఆపేశారు. బడికి సెలవు ఇచ్చారు, కాని వీలునామా షరతులో వరద సెలవుకు మినహాయింపు లేదు. ఆ రోజు ఎవరు వెళ్ళి చూసినా కుర్చీ ఖాళీగానే ఉంటుందని వెంకటరాజుకు తెలుసు. నాకూ తెలుసు. అయినా కోర్టు వేసిన తేదీని వరద మార్చలేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక వెంకటరాజే తన ఇంజను పడవ రేవుకు తెప్పించాడు. నాతో మా గుమాస్తా నూకయ్య వచ్చాడు. నూకయ్య పూర్వం కోర్టు బంట్రోతు. ఉద్యోగమున్నంత కాలం కోర్టు గుమ్మంలో నిలబడి కక్షిదారుల పేర్లు పిలిచినవాడు. రిటైరైన తరువాత నా దగ్గర చేరాడు. ఆ గొంతు మాత్రం రిటైరు కాలేదు.

"నూకయ్యా, నీ పిలుపుకి మా చెరువులో రొయ్యలు కూడా గట్టెక్కి వచ్చేస్తాయేమోనయ్యా," అన్నాడు వెంకటరాజు పడవ కదిలాక.

"రొయ్యలు వస్తాయండీ. రానిది తమరేనండీ. తమరి వాయిదాలకి పిలిచి పిలిచే కదండీ ఈ గొంతు ఇలా బండబారింది," అన్నాడు నూకయ్య.

వెంకటరాజు పెద్దగా నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాడు. గెలుస్తానన్న ధీమాలో ఉన్నాడు, అందుకని మాటలు ఎక్కువగా వస్తున్నాయి.

"ప్లీడరుగారండీ, ఈ బడి మొదటి పంతులు సంగతి మీరు విన్నారా?"

"రికార్డులో ఉన్నంత వరకు చదివాను."

"రికార్డులో ఉండదండీ ఇది. మా ముత్తాతగారు మొదటి దావా వేసినప్పుడు ఇలాంటి వరదేనంటండీ. తీర్పు వచ్చేదాకా పంతులు బడి వేళలో కుర్చీ దిగకూడదని కోర్టువారు ఆర్డరు వేసేరంట. మా ముత్తాతగారు బడి ఎదురుగా పడవ కట్టించుకుని అందులో కూర్చున్నారంట, ఈయన ఎప్పుడు లేస్తాడా చూద్దామని. నీళ్ళు గదిలోకి వచ్చేసేయంట. పిల్లల్ని పంపించేసేడు గాని తను లేవలేదండీ. అలా చూస్తూండగానే చీకటి పడిపోయిందంట."

"తరవాత?" అన్నాడు నూకయ్య.

"తరవాత ఏముంది? వరద తీసేక కుర్చీ ఉంది. ఆయన లేడు. లేవడం కళ్ళారా చూసిన సాక్షి లేడని దావా కొట్టేసేరు. అంత మొండి మనుషులండీ వీళ్ళు. ఒక్క క్షణం లేస్తే ఆ వేళే తగువు తేలిపోను."

నీటిలో తాటిమట్టలు, కుళ్ళిన అరటిగెలలు కొట్టుకుపోతున్నాయి. లంక దగ్గర పడేకొద్దీ, కొబ్బరిపీచు నానవేసిన గోతులు పొంగిన కంపు గాలిని బరువెక్కించింది.

బడి ఎత్తయిన అరుగు మీద కట్టిన ఒకే ఒక పెద్ద గది. పెంకుటికప్పు. కిటికీలకు ఇనుప ఊచలు. ఒకే గుమ్మం, దానికి టేకు తలుపులు. నీరు అప్పటికి కింది మెట్టును తాకుతోంది. లంక జనమంతా తూర్పు కొసన ఉన్న వరద షెడ్డుకు వెళ్ళిపోయారు. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు.

స్థలం దగ్గర పని మొదలుపెట్టే ముందు, దావా శీర్షికలో ఉన్న పేర్లన్నీ వరుసగా, ఒక్కొక్కటి మూడుసార్లు, కోర్టులో పిలిచినట్టే పిలిపించడం నా పద్ధతి. చట్టం అంతగా కోరదు. నాకు పని నేర్పిన పెద్దవకీలు గారు కోరేవారు. పిలిస్తే పలికినవాడు హాజరు, పలకనివాడు గైరుహాజరు. రేపు నన్ను పిలవలేదని ఎవడూ అనడానికి వీలుండదు.

ఇక్కడ ఒక సంగతి తెలియజేయాలి. ధర్మసంస్థల దావాలు ముగియవు. ఏనాడో ఇచ్చిన డిక్రీ కిందనే కొత్త అర్జీలు పడుతుంటాయి, పాత శీర్షికనే మళ్ళీ మళ్ళీ అచ్చు వేస్తారు. అందులోని మనుషులు ఎప్పుడో పోయి ఉంటారు. కాని ఫలానావారు మరణించారని ఎవరో ఒకరు కోర్టుకు తెలియజేసే వరకు ఆ పేరు తీసివేయరు. కోర్టు లెక్కలో ఆ మనిషి బతికే ఉంటాడు.

నూకయ్య గుమ్మం ముందు నిలబడి, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. నేను అరుగు మీద, గొడుగు కింద, ప్యాడు మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను. వాది వెంకటరాజు పేరు పిలిచాడు. వాది "ఇక్కడే ఉన్నానండోయ్" అన్నాడు.

"మొదటి ప్రతివాదీ... చింతలూరి పేరయ్య పంతులూ..."

వాన చప్పుడు.

"చింతలూరి పేరయ్య పంతులూ..."

కొబ్బరిమట్ట ఒకటి ఎక్కడో నీళ్ళలో పడింది.

"చింతలూరి పేరయ్య పంతులూ..."

"ఆయ్."

గదిలోంచి వచ్చింది. వయసు మళ్ళిన గొంతు. వినయంగా, కొంచెం జలుబు చేసినట్టుగా ఉంది. బడి కమిటీ సభ్యుడెవరో ముందే వచ్చి లోపల కూర్చున్నాడనుకున్నాను. తల ఎత్తకుండానే ఆ పేరు పక్కన హాజరు అని రాశాను.

తరువాత సత్యదుర్గ పేరు మూడుసార్లూ పిలిచాడు. జవాబు లేదు.

"రాసుకోండి, గైరుహాజరు," అన్నాడు వెంకటరాజు హుషారుగా. అంతలోనే కనుబొమలు ముడిచాడు. "అవునూ, ముందు పలికిందెవరు? పడవలో మనం ముగ్గురమే కదండీ వచ్చేం?"

"పిలిచేనండీ, పలికేరండీ," అన్నాడు నూకయ్య. "పలికినవారిని ఎవరని అడగడం నా డ్యూటీలో ఎప్పుడూ లేదండీ."

"ఏం పేరు పిలిచేవు నువ్వు? వానలో సరిగ్గా వినబళ్ళేదు."

నూకయ్య కాగితం చూసి మళ్ళీ చదివాడు. ఈసారి మెల్లగా చదివాడు.

వెంకటరాజు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ప్లీడరుగారండీ... ఆయనేనండీ. ఇందాక పడవలో చెప్పేనే. ఆ పంతులు పేరు అదేనండీ."

లోపలికి వెళ్ళి చూశాము. ఎవరూ లేరు. బల్లలు గోడ పక్కకు జరిపి ఉన్నాయి. గదికి ఆ చివర, మోకాలి ఎత్తు సిమెంటు వేదిక. దాని మీద పంతులు కుర్చీ. టేకు చేతులు, పేము అల్లిక. దాని వెనుక గోడలో దీపం గూడు. గది నేల పొడిగా ఉంది. కుర్చీలో మాత్రం పేము తడిసి నల్లబడి, అడుగున బొట్టు బొట్టుగా నీరు కారుతోంది.

"కప్పు కారుతోందండీ," అన్నాడు నూకయ్య. అని పైకి చూశాడు. కుర్చీ పైన పెంకులు పొడిగా ఉన్నాయి.

వెంకటరాజు ధైర్యం కూడదీసుకున్నాడు. "పలికింది ఏ గాలో, గబ్బిలమో. కుర్చీ ఖాళీయా కాదా? అది రాసుకోండి, వెళ్ళిపోదాం."

నేను కలం తీసేసరికి ఫోను మోగింది. సత్యదుర్గ.

"ప్లీడరుగారండీ, రేవులో నిలబడి ఉన్నానండీ. పంటు లేదు, పడవ అడిగితే ఎవరూ ఇవ్వటం లేదండీ. బడి వేళ ఇంకా అవ్వలేదు కదండీ. దీపం పెట్టేలోపు నేను వచ్చి కూర్చుంటే కుర్చీ ఖాళీ కానట్టేనండీ. దయచేసి ఖాళీ అని రాసెయ్యకండి. ఇరవైమంది పిల్లలండీ... ఈ ఏరు దాటి ఎవరు పంపిస్తారండీ వాళ్ళని?"

రెండో పక్షం మాట వినకుండా తనిఖీ ముగించడం నా వృత్తిలో లేదు. అదే సమయానికి వెంకటరాజుకు కూడా ఫోను వచ్చింది. అతని చెరువు గట్టు గండి పడేలా ఉందట. ఏర్పాటు దానంతట అదే కుదిరింది. పడవ నడపడం వచ్చిన నూకయ్య వెళ్ళి వెంకటరాజును రేవులో దింపి, ఆవిడను ఎక్కించుకుని రావాలి.

"మీరూ రండి బాబుగారూ," అన్నాడు నూకయ్య. "ఇక్కడ ఒక్కరూ ఎందుకండీ?"

"మొదలుపెట్టిన తనిఖీ మధ్యలో కమిషనరు స్థలం వదలరాదు."

వెంకటరాజు మెట్టు దిగుతూ ఆగాడు. "నేను వాదినండీ, నా మాట వినకూడదు, తెలుసు. అయినా చెప్తున్నాను. లోపల కూర్చోకండి. అరుగు మీదే ఉండండి."

ఇంజను చప్పుడు వాన వెనుక సన్నబడి పోయింది.

అరుగు మీదే ఉన్నాను. కాని జల్లు గాలితో తిరిగి అరుగంతా తడిపింది. కాగితాలు తడిస్తే పని చెడుతుంది. లోపలికి వెళ్ళి గుమ్మం పక్కన, కుర్చీకి వీలైనంత దూరంగా ఒక బల్ల మీద కూర్చున్నాను. గది కొలతలు రాసుకున్నాను. కిటికీలు, బల్లలు, నల్లబల్ల వివరాలు రాసుకున్నాను. మిగిలింది కుర్చీ. దానిని గురించి ఉన్నది ఉన్నట్టు, ప్రస్తుతానికి ఖాళీగా కనబడుచున్నది అని మొదలుపెట్టాను.

పేము కిర్రుమంది.

బరువున్న మనిషి ఒక తొడ మీది నుంచి మరొక తొడ మీదికి మారినప్పుడు వచ్చే చప్పుడు. నేను చాలా కాలం పేము కుర్చీలోనే కూర్చుని పని చేశాను. ఆ చప్పుడు నాకు తెలుసు.

"రాయకండి."

తల ఎత్తాను. కుర్చీలో ఎవరూ లేరు.

అప్పుడే గాలి విసురుకు తలుపులు మూసుకున్నాయి. లేచి వెళ్ళి లాగాను. రాలేదు. వానకు తడిసి ఉబ్బిన టేకు, చట్రంలో బిగుసుకుపోయింది. భుజంతో తోశాను. లోపలికి తెరుచుకునే తలుపులని గుర్తుకు వచ్చి మళ్ళీ లాగాను. గడియ చేతిలోకి ఊడి వచ్చింది. కిటికీ ఊచలు పట్టుకుని నూకయ్యను కేక వేశాను. ఎర్రటి నీరు తప్ప ఎదుట ఏమీ లేదు. ఫోనులో సిగ్నలు పోయింది. ముందు రోజు నుంచి కరెంటు లేక చార్జింగు కూడా చివరికి వచ్చింది. చూస్తూండగానే తెర నల్లబడింది.

తలుపు కింది సందులోంచి నీరు నాలుకలా లోపలికి వచ్చింది.

ముందు సన్నగా వచ్చింది. తరువాత వెడల్పుగా వచ్చింది. బల్ల మీదికి ఎక్కి నిలబడ్డాను. నీరు బల్లను మెల్లగా కదపడం మొదలుపెట్టింది. వెలుతురు తగ్గుతోంది. బురద వాసన, పీచు కంపు, వాటి అడుగున మరొక వాసన... ఎంతో కాలం పెట్టెలో ఉండిపోయిన తడి బట్టల వాసన.

బల్ల ఒరిగింది. నీళ్ళలో పడ్డాను. మోకాళ్ళు దాటి ఉంది. గుమ్మం వైపు ఇంకా లోతుగా ఉంది. కాగితాల సంచి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను.

"ఇటు రండి," అంది ఆ గొంతు. "అక్కడ లోతండీ."

ఆ గదిలో నీరు అందని చోటు ఒక్కటే ఉంది. వేదిక.

వెళ్ళకూడదనుకున్నాను. నీరు తొడలకు వచ్చింది... వెళ్ళాను. వేదిక ఎక్కి, గోడకు వీపు ఆనించి, కుర్చీకి పక్కగా నిలబడ్డాను. అక్కడ నీరు ఇంకా పాదాల మీదనే ఉంది. కుర్చీ నా కుడిచేతికి అందేంత దూరంలో ఉంది. చీకటిలో దాని వీపు మాత్రం కనబడుతోంది. కిందికి బొట్లు పడుతున్నాయి. టప్... టప్...

ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నేను కాదు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను.

"పేరయ్య పంతులుగారా?" అన్నాను.

"ఆయ్."

"మీరు... ఇంకా ఇక్కడ ఎందుకు ఉన్నారు?"

"మీరే పిలిపించేరు కదండీ. హాజరు కూడా వేసేరు." అంది గొంతు. "అంతకు ముందూ ఇక్కడే ఉన్నానండీ. పిలిచినవారు లేరు."

"ఎందుకు వెళ్ళలేదు?"

"కోర్టువారు దిగొద్దన్నారండీ. దీపం పెట్టేదాకా. ఆ వేళ... దీపం పెట్టడానికి ఎవరూ మిగల్లేదండీ."

నా వెనుక గోడలో గూడు తడిమాను. వేళ్ళకు సాలెగూడు, చెమ్మ తగిలాయి. ప్రమిద లేదు. ఉన్నా నా దగ్గర నిప్పు లేదు.

"కాళ్ళు లాగుతున్నాయండీ," అంది గొంతు. ఫిర్యాదు కాదు. తరగతి అయిపోయాక ఉపాధ్యాయులు ఒకరితో ఒకరు చెప్పుకున్నట్టు అంది. "ఆ పడవాయన వెళ్ళిపోయేడా? చూసి చెప్తారా?"

కిటికీ వైపు చూశాను. పడవ ఏదీ కనబడలేదు. కాని నీటి మీద, చాలా దగ్గరలో, తెడ్డు చెక్కకు తగిలిన చప్పుడు వినబడింది. ఒక్కసారి. కొంత సేపటికి మళ్ళీ ఒక్కసారి. ఎక్కడికీ పోకుండా, ఉన్నచోటనే ఉండి కాచుకున్న పడవ.

నూకయ్య వెళ్ళిన పడవకు ఇంజను ఉంది.

నీరు నా మోకాళ్ళ దాకా వచ్చింది.

చదువుకున్నవాడు అటువంటి సమయంలో ఏమి ఆలోచిస్తాడని అడుగుతారు. నేను పద్ధతి గురించి ఆలోచించాను. నాకు తెలిసినది అది ఒక్కటే. కోర్టు పిలిస్తే వచ్చి పలికినవాడిని కోర్టే పంపించాలి. సాక్ష్యం అయిన తరువాత "మీరు వెళ్ళవచ్చు" అని చెప్పే వరకు మనిషి బోను దిగడు. ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో ఆ సాయంత్రం కోర్టు తరఫున ఉన్నవాణ్ణి నేను.

"పంతులుగారూ," అన్నాను. "మీ హాజరు నమోదయింది. మీరు వెళ్ళవచ్చు."

పేము కిర్రుమంది. లేవబోయి ఆగిన చప్పుడు.

"ఖాళీ అవుతుంది కదండీ," అంది గొంతు, చాలా మెల్లగా. "పిల్లల బడి... నేను లేస్తే పోతుంది కదండీ."

ఆ మాటకు నేను చేయగలిగినది ఏముందని చూశాను. ఒక్కటే ఉంది.

"నేను కూర్చుంటాను," అన్నాను.

బొట్లు ఆగిపోయాయి.

నా చెయ్యిని ఒక చెయ్యి పట్టుకుంది. తడిసి ఉబ్బిన చెయ్యి. మర్యాదగా పట్టుకుంది, పెద్దవాణ్ణి కూర్చోబెట్టేటప్పుడు పట్టుకున్నట్టు. నేను కూర్చున్నాను. పేము గోరువెచ్చగా ఉంది... ఇప్పుడే ఎవరో లేచినట్టు.

నీళ్ళలో అడుగులు. వేదిక దిగాయి. గది పొడవునా నెమ్మదిగా వెళ్ళాయి. గుమ్మం దగ్గర ఆగాయి. నేను ఊడబెరికినా రాని తలుపు, చప్పుడు లేకుండా తెరుచుకుంది. బయట ఇంకా కాస్త వెలుతురు ఉంది. ఆ వెలుతురులో ఎవరూ బయటకు వెళ్ళడం కనబడలేదు. నీరు మాత్రం రెండుగా చీలి, మళ్ళీ కలిసింది.

తలుపు తెరిచి ఉంది. నన్ను ఎవరూ కట్టివేయలేదు. లేవవచ్చు. లేచి, గుమ్మం దాటి, అరుగు మీది స్తంభం పట్టుకుని నిలబడవచ్చు.

నేను లేవలేదు.

లేవాలని అనుకున్న ప్రతిసారీ, ఎదురుగా నీటి మీద తెడ్డు చప్పుడయ్యేది. నేను లేస్తే చూడడానికి అక్కడ ఒకరు ఉన్నారు. చూస్తే సాక్షి దొరుకుతాడు. నీరు ఒడిలోకి వచ్చింది. సంచి గుండెకు హత్తుకున్నాను. నడుము దాటింది. చల్లదనం తెలియడం మానేసింది. చివరకు తెడ్డు చప్పుడు కూడా తోడుగా అనిపించడం మొదలయింది... అదే ఇప్పటికీ నన్ను భయపెడుతున్నది.

ఇంజను చప్పుడు, టార్చి వెలుగు ఒకేసారి వచ్చాయి.

"బాబుగారూ! బాబుగారూ!" నూకయ్య గొంతు గది అంతా మార్మోగింది. వెనుకనే ఛాతీలోతు నీళ్ళలో సత్యదుర్గ వచ్చింది. కొంగు నడుముకు బిగించి ఉంది.

"లేవండి ప్లీడరుగారూ. లేవండీ."

"ఖాళీ అవుతుంది," అన్నాను. నేనే అన్నాను.

ఆవిడ నా ముఖం మీద వెలుగు వేసి చూసింది. "బడి పోతే పోయిందండీ. మీరు ముందు లేవండి. నూకయ్యగారూ, ఆ చెయ్యి పట్టుకోండి."

ఇద్దరూ చెరొక రెక్కా పట్టుకుని లేవదీశారు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చోలేదు. కూర్చోమని నేను చెప్పలేదు. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే, చూసినది రాయవలసి వచ్చేది.

నివేదికలో కుర్చీ గురించి ఒక్క వాక్యం రాశాను. తనిఖీ సాగినంత సేపూ కుర్చీ ఖాళీగా లేదు. వెంకటరాజు వకీలు నన్ను బోనెక్కించి, అయితే అందులో కూర్చున్నవారెవరో చెప్పమని అడిగాడు. మొదట మొదటి ప్రతివాది, తరువాత నేను అని చెప్పాను. హాలులో ఒకరిద్దరు నవ్వారు. వెంకటరాజు నవ్వలేదు. లేచి బయటకు వెళ్ళిపోయాడు. ఆ తరువాత జరిగినది చెప్పనని ముందే అన్నాను.

ఆ వరద రోజు నుంచి నేను అమలాపురం వదలలేదు. సాక్ష్యం చెప్పి వచ్చాక కోర్టుకు వెళ్ళడం కూడా మానుకున్నాను. ఇంటి గుమ్మం దాటడం అరుదు. మా ఇంట్లోవారు సాక్ష్యం చెబుతారు.

వరద తీసిన కొన్నాళ్ళకు సత్యదుర్గ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. చక్కని దస్తూరీ. దానిని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"ప్లీడరుగారికి నమస్కారములు. బురద ఎత్తించి బడి మళ్ళీ తెరిచాము. పిల్లలందరూ వస్తున్నారు. ఈ సంగతి మీకు ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగానండీ. మీరు మా బడికి వచ్చి కూర్చోవడం మాకు గౌరవమే. నేను రేవు దాటి వచ్చేసరికే మీరు కుర్చీలో ఉంటున్నారు. ఏ పడవలో వస్తున్నారో రేవువాళ్ళకి తెలియదంటున్నారు. పిల్లలకి మీరంటే భయం లేదండీ. ఎక్కాలు తప్పు చెబితే మీరు తల అడ్డంగా ఊపుతారట. నేను ఇప్పుడు కింద బల్ల మీద కూర్చుని పాఠం చెబుతున్నాను. కానీ రోజూ తడి బట్టలతోనే ఉంటున్నారు, చూడలేకపోతున్నామండీ. సాయంత్రం దీపం పెట్టి, ఇక వెళ్ళండి అని నేనే రెండు మూడు సార్లు చెప్పాను. చెప్పవలసినది నేను కాదని మీరే అన్నారు. మరి ఎవరు చెప్పాలో, వారిని ఎక్కడ నుంచి పిలిపించాలో దయచేసి తెలియజేయండి. ఆ వేళ పడవలో మిమ్మల్ని ఇంటికి చేర్చామనే మేమంతా అనుకుంటున్నాము. నూకయ్యగారిని అడిగితే ఆయన మాట దాటేస్తున్నారు."

ఈ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. కాగితానికి కుడివైపు పైన, ముందుగా తానున్న ఊరి పేరు వేసి ఉత్తరం మొదలుపెట్టడం మాకు చిన్నప్పుడు నేర్పిన పద్ధతి. అక్కడే కలం ఆగిపోతోంది.